గూడబాతు ఎడమ కాలు

జూలై 3, శుక్రవారం. మోటారు గంటలు 4112.

క్లబ్బు పుస్తకంలో నాలుగు గళ్ళే ఉంటాయి. ఎవరు ఎగిరారు, ఎంతసేపు, పంపు ఎన్ని దెబ్బలు కొట్టారు, లోపాలేమిటి. ఆ గళ్ళలో పట్టనివి రాసుకోవడానికి ఈ నోటుబుక్కు విడిగా పెట్టుకున్నాను. పదకొండేళ్ళుగా ఆ పుస్తకానికి కాపలా నేనే. నా పేరు నాంచారి అయినా వెనకాల అందరూ నన్ను గళ్ళమ్మ అంటారని తెలుసు. అననీ. సీటు మీద చేప పొలుసులు వదిలేసి దిగినవాణ్ణి వెనక్కి పిలిచి తుడిపించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఒక్క విమానానికి తొమ్మిది మంది సభ్యులం, మనిషికి ఒక రోజు వంతు. సముద్రం వచ్చి కొల్లేటిలో కలిశాక మా దిబ్బ నుంచి గట్టుకి పడవ మీద పోతే పగలంతా పడుతుంది. మా విమానం గూడబాతులో ఇరవై నిమిషాలు. గూడబాతుకి చక్రాలుండవు. కింద రెండు బోలు రేకు డొప్పలుంటాయి, వాటి మీదే నీళ్ళలో దిగి తేలుతుంది. వాటిని మేము కాళ్ళంటాం. ఎంత మంచి కాల్లోకైనా కాస్త నీరు ఊరుతుంది కాబట్టి రోజూ చేతి పంపుతో తోడాలి. ఐదారు దెబ్బలకే నీళ్ళు ఆగి గాలి వస్తే కాలు బాగున్నట్టు.

ఈ సాయంత్రం నేను దిగడానికి కర్రలు పాతి గుర్తుపెట్టిన జెండాల దారి వదిలి అడ్డంగా దిగాను. జెండాల దారిలో దిగితే రేవుకి చేరడానికి పది నిమిషాలు పడుతుంది. ఐదింటికి సముద్రపు గోడ మీది కూలీలతో రేడియోలో మాట్లాడే వేళ. మా ఆయన పెద్దిరాజు అక్కడే పని చేస్తున్నాడు. వారానికి ఒకసారి, నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం అడ్డంగా దిగితే ఎడమ కాలు దేనికో తగిలింది. మునిగిన ఊరి కరెంటు స్తంభమే అయి ఉంటుంది. పెద్ద చప్పుడేం కాలేదు. పెంకు మీద గరిటె తగిలినంత.

రేవులో వంగి చూశాను, ఏమీ కనపడలేదు. పంపు కొడితే పద్దెనిమిది దెబ్బలకు గాలి వచ్చింది.

లోపం రాస్తే మా నియమం ఇది. రాసినవాళ్ళే దగ్గరుండి బాగు చేయించాలి, వాళ్ళ వచ్చే వంతు పోతుంది. నా వచ్చే వంతు పన్నెండో తేదీ ఆదివారం. గోడ మీది వాళ్ళకు మూడు నెలలకొక్క ఆదివారం సెలవు, ఆ రోజే అక్కడ విమానం దిగనిస్తారు. పెద్దిరాజును ఏప్రిల్ తరువాత నేను చూడలేదు. ఈ పన్నెండు తప్పితే మళ్ళీ అక్టోబరే.

పంపు గడిలో ఆరు అని రాశాను. లోపాల గడిలో, లేవు.

రేపటి వంతు ఏడుకొండలుది. చేపల వ్యాపారి, మా అందరిలోకీ అజాగ్రత్త మనిషి. అప్పగింతకు వచ్చి పుస్తకం అందుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"ఏంటక్కా, ఇయ్యాల నన్ను తిట్టకుండానే ఇచ్చేత్తన్నావ్? ఒంట్లో బాగానే ఉందా?"

"పొలుసు కనపడితే రేపు తిడతాలే" అన్నాను.

రేడియో వేళకు అందుకున్నాను. పెద్దిరాజు రెండుసార్లు అడిగాడు, ఆదివారం ఖాయమేనా అని. రెండుసార్లూ ఖాయమే అన్నాను.

జూలై 4, శనివారం. 4112.

తెల్లారకముందే రేవుకి వెళ్ళాను. ఇరవై రెండు దెబ్బలకు గాలి వచ్చింది. ఏడుకొండలు వచ్చేసరికి అక్కడ లేకుండా వచ్చేశాను. వాడు పంపు కొట్టి చూస్తే ఇక రెండో మూడో వస్తాయి, అంతే.

సాయంత్రం వాడు దిగాక పుస్తకం చూశాను. పంపు ఐదు, లోపాలు లేవు. హమ్మయ్య అనుకున్నాను. పుస్తకంలో ఉన్న అంకెను నమ్మాను. పదకొండేళ్ళలో నేను నేర్చుకున్న విద్య అదే.

జూలై 6, సోమవారం. 4116.

ఈ రోజు వంతు యేసురత్నం బాబాయిది. అరవై ఏడేళ్ళు. నాకు ఎగరడం నేర్పింది ఆయనే. మిట్ట మధ్యాహ్నం దిగాడు. జెండాల దారి దాటి చాలా ముందుకు పోయి, గుర్రపుడెక్క తీగల్లోంచి కాళ్ళు లాక్కుంటూ వచ్చాడు. నేను రేవులోనే ఉన్నాను. ఈ వారం ఎవరు దిగుతున్నా ఆ వేళకు రేవుకి రాకుండా ఉండలేకపోతున్నాను. పొద్దున చింతచిగురు పప్పు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే గిన్నె నల్లబడింది.

"ఎన్ని దెబ్బలు బాబాయ్?"

"నాలుగేనమ్మాయ్. నాలుగో, ఐదో. ఐదు రాసుకో."

అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఏమైందంటే గాలం తాడు కోసిందన్నాడు. పెద్దవాడైపోతున్నాడు అనుకున్నాను. జాలి కూడా పడ్డాను.

జూలై 8, బుధవారం. 4121.

ఈ తెల్లవారుజామున ముప్పై ఒకటి.

పగులు పెరుగుతోంది. అయినా ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. మధ్యలో నలుగురు ఎగరాలి. వాళ్ళు దిగిన ప్రతిసారీ నా గుండె కుదుటపడుతోంది. కాలు ఈ రోజూ ఆగింది కదా, నా రోజుకీ ఆగుతుంది అని. ఈ వాక్యం రాశాక రెండుసార్లు చదువుకున్నాను. నా ఆదివారం కోసం ఆ కాలిని వీళ్ళ ప్రాణాల మీద పరీక్ష చేయిస్తున్నానన్న మాట. చదివి, నోటుబుక్కు మూసి, లేచి, పెరట్లో ఎండేసిన బట్టలన్నీ మడతపెట్టాను. అవి ఇంకా ఆరనే లేదు.

రాయాల్సిందేమిటో తెలుసు. లోపం, ఎడమ కాలు, తేదీ మూడు, నాంచారి. నాలుగు ముక్కలు. ఆ నియమం పెట్టింది కూడా నేనే. విరగ్గొట్టినవాడే వంతు వదులుకుంటే జాగ్రత్త వస్తుందని తొమ్మిదేళ్ళ కిందట సభలో చెయ్యెత్తించి మరీ రాయించాను. అప్పటి నుంచి లోపాలు తగ్గిపోయాయని ఏటా గొప్పగా చదివి వినిపిస్తూ వచ్చాను.

జూలై 10, శుక్రవారం. 4126.

రేపటి వంతు తహెరాది. బడి పంతులమ్మ, మాలో అందరికంటే కొత్త సభ్యురాలు. నియమాల కాగితం మొత్తం చదివి సంతకం పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. సాయంత్రం అప్పగింతకు వచ్చి, పంపు కొట్టి, మొహం చిట్లించింది.

"అక్కా, ఎడమ కాల్లో పదహారు వచ్చాయి. ఇది మామూలేనా?"

నేరుగా అడిగింది. వారం మొత్తంలో నన్ను నేరుగా అడిగింది ఆమె ఒక్కతే.

"వానాకాలం కదా" అన్నాను.

"వానకీ దీనికీ ఏంటి సంబంధం?"

"అతుకులు తడికి ఉబ్బుతాయిలే, నీకు కొత్త."

తల ఊపింది. పుస్తకంలో పదహారు అనే రాసింది. నేను రాసిన ఆరు అదే పేజీలో ఉంది. చూస్తే కారం పడ్డట్టు కళ్ళు మండాయి.

జూలై 11, శనివారం. పగలు రెండింటికి రాస్తున్నాను.

ఈ తెల్లవారుజామున నేను రేవుకి పోలేదు. గోడ మీంచి కబురు వస్తుందంటే రేడియో దగ్గరే కూర్చున్నాను. రేపు ఏ వైపు దిగాలో, గాలి ఎటుందో చెప్పారు. పెద్దిరాజు పనిలో ఉన్నాడట, మాట్లాడలేదు. తీరా వచ్చి రేపటికి చలిమిడి చేసుకుంటుంటే కేకలు వినపడ్డాయి.

ఏడుకొండలు చెల్లెలు మంగతాయారుకు రాత్రి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. గట్టు మీది ఆసుపత్రికి పోవాలి, పడవ మీదైతే ఆలస్యమైపోతుంది. మంచం మీదే మోసుకొచ్చి గూడబాతులో పడుకోబెట్టారు. నేను వెళ్ళేసరికి తహెరా ఎడమ కాలి మీద మోకాళ్ళూని పంపు కొడుతోంది. ఏడుకొండలు పక్కన నిలబడి గోల పెడుతున్నాడు.

"ఇంక చాలమ్మా టీచరమ్మా! బయల్దేరు! అది సచ్చిపోయేలాగుంది!"

"నలభై రెండు" అంది తహెరా. "నలభై మూడు." నీళ్ళు అలాగే పడుతున్నాయి. తలెత్తి నన్ను చూసింది. "అక్కా, వానాకాలమే కదా? పోవచ్చా?"

నా మాట కోసం ఆగింది. నేను సరేనంటే ఎగిరేది. సగం నీళ్ళతో ఉన్న కాలు పైకి లేవదు, లేచేటప్పుడు విమానాన్ని ఎడమకి పడేస్తుంది. ఇద్దరు మనుషులు, కడుపులో ఒకరు.

"వద్దు" అన్నాను. "నేనే పగలగొట్టాను. మూడో తేదీన. జెండాల దారి వదిలేసి స్తంభానికి తగిలించాను. రాయలేదు. రోజూ పొద్దున్నే వచ్చి దొంగతనంగా తోడేస్తున్నాను."

తహెరా పంపు పిడి వదలలేదు. నన్ను అలా చూస్తూనే ఉంది. నాకు ఏడుకొండలు మీద పడి కొడతాడేమో అనిపించింది. కొడితే బాగుండేది. వాడు నేల చూపులు చూస్తూ అన్నాడు.

"నువ్వేంటక్కా? నేను కదా. నాలుగో తారీకున నూట ఇరవై కిలోల సేపలెక్కించాను. అందుకే కారతాందనుకున్నాను. రోజూ మాపటేల వచ్చి కొట్టిపోతన్నాను. నిన్న మాపటేల మాత్రం సెల్లెల్నొదిలి రాలేకపోయాను."

వెనక నుంచి దగ్గు వినపడింది. యేసురత్నం బాబాయి దుప్పటి కప్పుకుని వచ్చాడు, మూడు రోజులుగా జ్వరం.

"నా కళ్ళు మసకేత్తన్నాయమ్మాయ్. ఆ రోజు తీగల్లో దేనికో కొట్టాననుకున్నాను. అక్కడే ఆగి అరచెయ్యి బొబ్బలెక్కేదాకా తోడేసి వచ్చాను. రాత్తే ఇక నన్నెగరనివ్వరు కదా అని..." గుడ్డ చుట్టిన చెయ్యి చూపించాడు. "మద్దేన్నం అందరూ పడుకున్నాక వచ్చి కొట్టేవోణ్ణి. మొన్నట్నించి లేవలేకపోయాను."

తిలాపాపం తలా పిడికెడు. ఒక్కొక్కరం మనది చిన్న కారుడే అనుకున్నాం, ఎందుకంటే మనకంటే ముందు వచ్చినవాడు తోడేసి పోయాడు. నేను ముప్పై, వాడు నలభై, ఆయన ముప్పై ఐదు. పుస్తకంలో మాత్రం ఐదు, ఆరు. ఈ రోజు ముగ్గురమూ రాలేదు కాబట్టి కాలు మొదటిసారి తన సంగతి తాను చెప్పుకుంది.

లోపలి నుంచి మంగతాయారు అరిచింది. అందరం ఉలిక్కిపడ్డాం.

బాబాయి దుప్పటి తీసి పడేశాడు. జ్వరం ఉన్నా గొంతు మాత్రం పాత గొంతే. "ఏడుపులు తరవాత. పూర్తిగా తోడండి. గాలి వచ్చాక ఎంతసేపట్లో నిండుద్దో లెక్కెట్టండి."

మార్చి మార్చి కొట్టాం. నూట ముప్పై ఎనిమిదికి గాలి వచ్చింది. తరువాత లెక్కపెడితే పది నిమిషాలకు పాతిక దెబ్బల నీరు చేరింది, ఎక్కిన బరువుకి పగులు నీళ్ళ కిందికి పోయినట్టుంది. రేవు నుంచి బయటి నీళ్ళలోకి జెండాల దారిలో పోవడానికే పది నిమిషాలు. గాల్లోకి లేచాక నీరు ఊరదు. చేరాక గట్టు ఇసుక మీదికి నేరుగా ఎక్కించేస్తే మునగదు. మిగిలిన చిక్కల్లా ఈ పది నిమిషాలే.

"కాలి మీద కూచుని దారి పొడుగునా ఒకరు కొట్టుకుంటా పోవాలి" అన్నాడు బాబాయి. "సివరికెళ్ళాక టీచరమ్మ మోటారు ఆపుద్ది. కొట్టేవోళ్ళు నీళ్ళల్లోకి దిగి దూరం జరగాలి. అప్పుడు లేవాలి."

"నేను పోతాను" అన్నాను.

తహెరా నా వైపు తిరిగింది. "ముందు రాయండి."

పుస్తకం తెచ్చి మోకాలి మీద పెట్టుకుని రాశాను. లోపం: ఎడమ కాలు పగిలింది. తేదీ 3. చేసింది నాంచారి. దాచింది నాంచారి. నా వెనక ఏడుకొండలు, బాబాయి సంతకాలు పెట్టారు. ఆమె మూడూ చదివి సీట్లో కూర్చుంది.

పది నిమిషాలూ కాలి మీద బోర్లా పడుకుని కొట్టాను. నీళ్ళు మొహాన కొడుతున్నాయి. కళ్ళు మూసుకుని దెబ్బలు లెక్కపెట్టాను, అరవై దాటాక లెక్క తప్పింది. దారి చివర మోటారు ఆగింది. "దిగండి!" అంది తహెరా. పంపు లాగేసుకుని, మూత బిగించి, నీళ్ళలోకి జారి, ఈదుకుంటూ జెండా కర్ర దాకా పోయి పట్టుకున్నాను. గూడబాతు ఎడమకి కొంచెం వాలి, సర్దుకుని, పరుగెత్తి, లేచింది. అది చిన్నదయ్యేదాకా కర్ర వదలలేదు. ఏడుకొండలు పడవ వేసుకొచ్చి నన్ను లాక్కున్నాడు.

రేడియో దగ్గర కూర్చున్నాం. ఒంటిగంటన్నరకు తహెరా గొంతు వచ్చింది. ఇసుక మీదికి ఎక్కించిందట. ఆపరేషను చేశారట, ఆడపిల్ల, తల్లికి రక్తం ఎక్కిస్తున్నారట, గండం గడిచిందన్నారట. ఏడుకొండలు నేల మీద కూలబడి భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను. అందులో కొంత రేపటి గురించి కూడా. అబద్ధం రాయడం ఇక నా వల్ల కాదు.

జూలై 12, ఆదివారం. మోటారు గంటలు కదలలేదు.

గోడ మీద సెలవు కాబట్టి రేడియోలో ఈ రోజు తొమ్మిది నిమిషాలిచ్చారు.

"బయల్దేరావా?" అన్నాడు పెద్దిరాజు.

జరిగిందంతా చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది.

"తెల్లారగట్ట నుంచి దిగే కాడ నిలబడున్నానే" అన్నాడు. "గడ్డం గీయించుకున్నాను."

తిట్టినా బాగుండేది. మిగిలిన నిమిషాలు ఇద్దరం ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఊరికే ఉన్నాం. ఎవరమూ రేడియో కట్టేయలేదు.

జూలై 14, మంగళవారం. కదలలేదు.

సభ పెట్టారు. తహెరా పడవ మీద తిరిగొచ్చింది. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, ఇక వేరే వాళ్ళు చూసుకోండి అన్నాను. ఎవరూ పుస్తకం వైపు చూడలేదు. అందరూ తహెరా వైపు చూశారు.

"అక్కా, నేను మిమ్మల్ని అడిగాను" అంది ఆమె. "పంపు ఏం చెబుతోందో నాకు తెలుస్తూనే ఉంది. మీరు చెప్పారు కాబట్టి నా కళ్ళను నమ్మలేదు. మీ ఆదివారం కోసం నన్ను అలాగే పంపేసేవారా?"

"శనివారం దాకా పంపేదాన్నే" అన్నాను. "నువ్వు పోవచ్చా అని అడిగాక పంపలేకపోయాను."

ఆ జవాబు ఆమెకు చాలలేదు. నాకూ చాలలేదు.

బాబాయి లేచి నియమం మార్చాలన్నాడు. "లోపం రాసినోడి వంతు తియ్యమాకండి. దాచినోడి వంతు తియ్యండి. వంతు పోద్దంటే ఎవడు రాత్తాడమ్మా? మనందరం ఇన్నాళ్ళూ మంచోళ్ళమైపోయామనుకున్నాం." అందరూ చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను, తొమ్మిదేళ్ళ కిందట ఎత్తించిన చేతినే. ఆయన కళ్ళకు పరీక్ష చేయించాలని, అందాకా పక్కన ఎవరైనా ఉంటేనే ఎగరాలని తీర్మానమైంది. తలొంచుకుని సంతకం పెట్టాడు. నా పన్నెండో తేదీ వంతు పోయినట్టే, దాచాను కాబట్టి. ఏడుకొండలుదీ బాబాయిదీ కూడా వచ్చే వంతు పోయింది. పుస్తకం తహెరా తీసుకుంది.

జూలై 17, శుక్రవారం. 4127.

గట్టు మీద కాలికి కొత్త రేకు వేయించి ఏడుకొండలే తీసుకొచ్చాడు. పుస్తకం చదవడానికి ఇప్పుడు నేనూ అందరిలాగే వరుసలో నిలబడాలి. లోపాల గడి నిండిపోయింది. బెల్టు బిగుసుకుపోతోంది. కుడి తలుపు గొళ్ళెం వదులు, రెండేళ్ళుగా. దిక్సూచి వేలితో కొడితేనే కదులుతుంది, ఎప్పటి నుంచో తెలియదు. సీటు కింద చేపల నీళ్ళు కారి తుప్పు, చేసింది ఏడుకొండలు. ఒక్క పేజీ చాలక పక్క పేజీలోకి పోయాయి. ఇన్నేళ్ళూ ఈ విమానంలోనే కదా నేను నిశ్చింతగా ఎగిరింది!

జూలై 25, శనివారం. 4141.

నా వంతు. నిన్న అప్పగింతకు తహెరా వచ్చింది. కుడి కాలు మూడు, ఎడమ కాలు నాలుగు, తలుపు గొళ్ళెం బాగు చేశారు అని చదివి వినిపించింది. అంతకు మించి ఒక్క మాట లేదు. అయినా నేను పంపు కొడుతుంటే కదలకుండా పక్కనే నిలబడి లెక్క చూసింది. చూడాల్సిందే.

గట్టుకి మందుల పెట్టెలు చేరవేసి, తిరిగొచ్చేటప్పుడు గోడ మీదుగా పోనిచ్చాను. పని రోజు దిగనివ్వరు, మీదుగా పోతే ఏమీ అనరు. నిన్నటి రేడియోలో పెద్దిరాజుకు చెప్పాను, పదకొండింటికి వస్తానని. పని మానడానికి లేదు, ఉన్నచోట నుంచే చూస్తానన్నాడు.

పసుపు కోట్లు. గోడ పొడుగునా అందరివీ పసుపు కోట్లే, టోపీలూ పసుపే. రెండు వందల మంది ఉంటారు. వీలైనంత కిందికి దించాను. ఒకడు చెయ్యి ఊపాడు, పెద్దిరాజేనేమో అనుకునేలోపు పక్కవాడు ఊపాడు, తరువాత గోడంతా ఊపింది. ఎవరి ఆడవాళ్ళనుకున్నారో ఎవరికి తెలుసు. తను ఎక్కడున్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం తనకి తెలిసే ఉంటాను. తిరిగి ఒకసారి చుట్టు వేసి, ఆ చివర నుంచి ఈ చివర దాకా రెక్కలు ఊపుకుంటూ పోయాను. ఛార్జింగు తగ్గింది, వచ్చేశాను.

జెండాల దారిలోనే దిగాను. పది నిమిషాలు పట్టింది. రేవులో రేపటి వంతు వాడు ఏడుకొండలు కాచుకుని ఉన్నాడు, బాబాయి కూడా.

"కనపడ్డాడా అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"లేదు బాబాయ్. అందరూ ఒకేలా ఉన్నారు."

"మరి?"

"అందరికీ ఊపాను."

నేను మోకాళ్ళూని పంపు కొట్టాను. ఎడమ కాలు నాలుగు, కుడి కాలు మూడు. ఏడుకొండలు వినేలా పైకే లెక్కపెట్టాను. తరువాత క్లబ్బు అనుమతి లేకుండా గోడ మీద రెండు చుట్లు వేశానని, ఛార్జింగు ఉండాల్సినదానికంటే తక్కువ ఉందని రాసి, విమానం వాడికి అప్పగించాను.